అతుకులో కొబ్బరినీళ్ళు

పోయిన నెల మా ఎదురింటివాళ్ళు కొత్త ట్రాక్టరూ, దాని వెనక తగిలించే కొత్త ట్రక్కూ తెచ్చుకున్నారు. ఇంటి ముందు ముగ్గేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పూలదండలు కట్టారు. ఇంటాయన కొబ్బరికాయ పట్టుకుని ట్రక్కు ముందు మూలకు గురిపెట్టాడు. భర్త పోయినదాన్ని కాబట్టి నేను మర్యాదగా మా గేటు లోపలే నిలబడి చూస్తున్నాను. ఆయన చెయ్యెత్తేసరికి "అక్కడ కొట్టకండీ!" అని వీధంతా వినబడేట్టు అరిచేశాను.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వాళ్ళావిడ నన్ను చూసిన చూపు గురించి చెప్పను. చివరికి కాయను రోడ్డు మీద రాయికి కొట్టారు. అది కుళ్ళిపోయి ఉంది. ఆ పాపం కూడా నాదే అయింది. అప్పటినుంచి ఆ ఇంట్లోంచి మాకు తోడుకు పెరుగు కూడా రావడం లేదు.

ఆ మాట నాకు అంటించిన మనిషి ఇప్పుడు లేడు. ఉంటే, నేను ఇంకాస్త ముందే అరవాల్సిందని నన్నే తిట్టేవాడు.

బూర్గంపాడు దాటి కాస్త ముందుకొస్తే రోడ్డు వారగా ఆయన రేకుల షెడ్డు. ట్రక్కుల బాడీ పని చేసేవాడు. అందరూ మేస్త్రీ అనేవాళ్ళు, నేనూ అలాగే అనుకునేదాన్ని. పొడుగాటి మనిషి, ఒంట్లో కండ అనేది లేదు. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకునే చోట విరిగిన హాక్సా బ్లేడు ముక్క ఉండేది. చేతికి ఏ ఇనుము తగిలినా వేలి కణుపుతో తట్టి, ఎడమ కన్ను మూసి వినడం ఆయన అలవాటు. పెళ్ళిళ్ళలో కూర్చోబోయే ముందు కుర్చీని తట్టేవాడు. ఇల్లందు బస్సెక్కితే కిటికీ కింది రేకును తట్టి, కండక్టరును పిలిచి, "ఈ రేకు ఎనక ఏం లేదు, ఎర్కనా?" అనేవాడు. ముందు టికెట్టు తీసుకోమని కండక్టరు అంటే తీసుకుని, మళ్ళీ తట్టేవాడు.

తనకు తెలియనిది ఒకటుందని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. వాన రాదని ఆయన చెప్పిన రోజు మేము మిరపకాయలు ఆరబోసేవాళ్ళం కాదు. ఎన్నికల్లో ఆయన గెలుస్తాడన్న మనిషి గెలవగా నేను చూడలేదు. మోకాళ్ళ నొప్పులకు ఆయన చెప్పిన పసరు రాసుకుని మా పక్కింటామె దసరా దాకా మంచం దిగలేదు. తుప్పు సంగతి ఒక్కటే కాస్త నమ్మొచ్చు. అది కూడా వినేవాళ్ళకు ఒళ్ళు మండేట్టు చెప్పేవాడు.

"రేకు ఊకెనే చెడదు. రేకు మీద రేకు ఎక్కినకాడ చెడ్తది," అనేవాడు.

ట్రక్కు బాడీకి ఒక రేకు అంచు మీద ఇంకో రేకు అంచు ఎక్కించి, అక్కడక్కడా వెల్డింగు చుక్కలు పెడతారు. ఆ రెండింటి మధ్య సందులోకి నీళ్ళు దూరాయంటే ఎండ తగలదు, గాలి తగలదు. లోపల్లోపలే తుప్పు తినేస్తుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. మిగతా షెడ్లవాళ్ళు ఆ అతుకు మీద లప్పం మెత్తి, రంగు కొట్టి పంపించేవాళ్ళు. "పౌడరేసి పంపుడు" అని దానికి ఆయన పెట్టిన పేరు. ఆయనైతే రోహిణి ఎండల్లో తప్ప అతుకు పని ముట్టుకునేవాడు కాదు. బ్లేడు ముక్కతో సందు పొడుగునా గీకి తుప్పంతా రాల్చేవాడు. గ్యాసు మంటతో రేకును వేడిచేసి, లోపలి చెమ్మ సుయ్యిమని బయటికొచ్చేదాకా వదిలేవాడు కాదు. ఆ తర్వాత పశువులకు వేసే పెద్ద సూదిలో పల్చగా కలిపిన రెడ్ ఆక్సైడు రంగు పట్టి, గేదెకు ఇంజక్షన్ ఇస్తున్నట్టే, సందులోకి ఎక్కించేవాడు. పై అంచు మూసేవాడు. కింది అంచు వదిలేసేవాడు.

బండ్లవాళ్ళందరూ అక్కడే పేచీ పెట్టేవాళ్ళు. కింద కూడా మూసెయ్యమనేవాళ్ళు.

"పైన ఎంత మూసినా నీళ్ళు పోతనే ఉంటయి. కింద గూడ మూస్తే అవి ఏడికి పోవాలె? మీ ఇంటికి రావాల్నా?"

పని అయ్యాక అతుకు మీద చెంబెడు నీళ్ళు పోసి, కింద గొంతుక్కూర్చుని బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యేలోగా కింది అంచున చుక్కలు రాలితే పని అయినట్టు. రాకపోతే మళ్ళీ మొదటికొచ్చినట్టే. ఎవరెంత తొందరపెట్టినా నీళ్ళన్నీ రాలేదాకా బండి తియ్యనిచ్చేవాడు కాదు.

గీకిన తుప్పును అరచేతిలో పోసుకుని వాసన చూసి, ఆ బండి ఏమేం మోసిందో కూడా చెప్పేవాడు. యూరియా, తడి ఇసుక, కోళ్ళ ఎరువు, అన్నిటికీ తలో వాసన ఉందట. చర్ల వైపు నుంచి వచ్చిన ఒకాయన, తన బండి వడ్లు తప్ప ఇంకేమీ మొయ్యలేదని ఒట్టేశాడు. మేస్త్రీ సందులోంచి ఎండిపోయిన ఇప్పపువ్వును బ్లేడుతో లాగి ఆయన చేతిలో పెట్టి, "మీ వడ్లు పూసినయి," అన్నాడు. ఆయన దాన్ని జేబులో వేసుకుని, ఎండ ఎక్కువగా ఉందని అన్నాడు.

వీటన్నిటికంటే ఆయనకు గిట్టనిది కొబ్బరికాయ. మా వైపు బండి కొన్నా, దసరా వచ్చినా, కోతలు మొదలైనా, మిర్చి లోడుతో ఖమ్మం మార్కెట్టుకు బయల్దేరినా ట్రక్కు ముందు మూలకు ఒక కాయ కొట్టందే చక్రం కదలదు. కొట్టేది ఎప్పుడూ ఆ మూలకే, నీళ్ళు దిగేది ఎప్పుడూ దాని కింది అతుకులోకే. అందుకే మండలంలో ఏ ట్రక్కుకైనా ముందు మూలే మొదట పుచ్చిపోతుందని ఆయన వాదన.

"దేవునికి కొట్టుండ్రి, నేను వద్దన్ననా? దేవుడు అతుకుల కూసున్నడా?"

చిక్కేమిటంటే, షెడ్డు పక్కనే ఆయన భార్యది కొబ్బరికాయల కొట్టు. భద్రాచలం పోయే బండ్లు అక్కడ ఆగి కాయలు, కర్పూరం, అగరొత్తులు తీసుకునేవి. ఆమె కాయ అమ్మేది. ఈయన లేచి వెళ్ళి దాన్ని బండికి కొట్టకుండా అడ్డంపడేవాడు.

"నా బేరం మీద నీకేం పగనయ్యా?" అనేదామె.

"కాయ మీద లేదు పగ. నీళ్ళ మీదనే."

"నీళ్ళు లేని కాయ యాడ దొరుకుతది?"

"అయితే పచ్చడి చేసి అమ్ము."

వాళ్ళింట్లో నిజంగానే రోజూ కొబ్బరి పచ్చడే. అమ్ముడుపోని కాయలన్నీ అందులోకే పోయేవి. ఆయన కిక్కురుమనకుండా తినేవాడు. బండికి కాయ కొట్టనివ్వకపోవడం ఇంటికి అరిష్టమని ఆమె నమ్మకం. రోజూ ఆ మాట చెప్పేది. ఆయనా రోజూ తన మాట చెప్పేవాడు. మేము ఎప్పుడు వెళ్ళినా ఆ గొడవ మధ్యలో ఉండేది. దాని మొదలు నేనెన్నడూ చూడలేదు.

నేను మొదటిసారి ఆ షెడ్డుకు వెళ్ళింది మా ఆయన గుండెపోటుతో పోయిన ఎండాకాలంలో. మా మామగారు కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ మిరప పెట్టినవాడు. ఆయన తర్వాత కొడుకులిద్దరూ పొలం పంచుకున్నారు. దినాలు అయిన వెంటనే మా బావగారు వచ్చి, ట్రక్కు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చూపుడువేలితో ముందు మూలను పొడిచారు. వేలు లోపలికి పోయింది.

"ఇందులో ఏముందమ్మా, తుప్పు తప్ప? పాత ఇనుముకిచ్చేద్దాం. ట్రక్కు లేని ట్రాక్టరెందుకు, అదీ తీసేద్దాం. పొలం నేను చూసుకుంటా. నువ్వొచ్చి మా ఇంట్లో ఉండు. మీ అక్కకీ తోడుగా ఉంటుంది," అన్నారు.

ఆయన చెడ్డమనిషి కాదు. ఆ మాట మంచికే అన్నారు. కానీ ట్రక్కు పోతే ట్రాక్టరు పోతుంది, ట్రాక్టరు పోతే పొలం ఆయన చేతికి పోతుంది, ఆ తర్వాత నేను మా తోడికోడలి వంటింట్లో, ఆవిడ చెప్పిన కూర తరుగుతూ ఉంటాను. ఆ వరస నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. మర్నాడు పొద్దున్నే డ్రైవరును పిలిచి బండి మేస్త్రీ దగ్గరికి పట్టించాను.

మేస్త్రీ నాతో మాట్లాడకుండా బండి చుట్టూ తట్టుకుంటూ వెళ్ళాడు. ముందు మూల దగ్గర ఎడమ కన్ను చాలాసేపు మూసే ఉంచాడు. బ్లేడు ముక్క సందులో పెడితే మొత్తం లోపలికి దిగిపోయింది.

"చెల్లె, మీ ఆయన దేవుని మనిషా?"

"అవునన్నా."

"బాగ?"

"బాగానే."

"కనపడ్తున్నది." మూల పైరేకు మీద, కాయలు కొట్టీ కొట్టీ పడ్డ గుంటను చేత్తో తడిమాడు. "మంచోళ్ళను శానామందిని చూసిన. ఒక మూలను ఇంత పాడుచేసిన మంచోణ్ణి చూడలే."

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన కాయ కొట్టి, తడిచెయ్యి లుంగీకి తుడుచుకుంటూ నా వైపు తిరిగి, "ఇక ఢోకా లేదు," అనేవాడు. ఆయన అలా అన్న ప్రతిసారీ ఆ మూల కాస్త కాస్త పోతూ వచ్చిందన్నమాట. నేను ఏడుస్తున్నంతసేపూ మేస్త్రీ అవతలి వైపు తిరిగి చక్రం డిస్కును తడుతూ ఉన్నాడు. చక్రానికి ఏమీ కాలేదని మా ఇద్దరికీ తెలుసు.

"బాగవుద్దా అన్నా? ఇది పోతే నాకు పొలమూ పోద్ది," అన్నాను.

"పొలం సంగతి నాకెర్కలే. అతుకు సంగతి రోహిణి ఎల్లేలోపల చెప్త."

ఆ ఎండల్లో ట్రక్కు విప్పి, పుచ్చిన ముక్క కోసి కొత్త రేకు ఎక్కించి, అతుకులన్నిటికీ సూది వేశాడు. గుంటపడ్డ పైరేకును మాత్రం అలాగే వదిలేశాడు. దాన్నీ కొట్టి సాపు చేస్తాడనుకుంటున్నాను నేను, చెయ్యకపోతే బావుండునని కూడా అనుకుంటున్నాను. "అది గట్లనే ఉండనియ్యి. కొడితే రేకు పల్చబడ్తది," అన్నాడు. అది నిజమో, నా కోసం అన్నాడో తెలియదు. అడిగితే నిజమనే అంటాడు కాబట్టి అడగలేదు.

పని అయిందని తెలిసి బావగారు వచ్చారు. బండి చూసి ఆయన మొహం వెలిగింది, ఎందుకంటే అది వచ్చినప్పటికంటే అధ్వానంగా ఉంది. పాత రంగు మీద అతుకుల వెంబడి ఎర్రటి చారలు తప్ప ఏమీ లేవు.

"ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా దీనికి? రంగేదీ?"

"రంగు లోపలున్నది."

"లోపల రంగేంటయ్యా? ఎవరు చూస్తారు?"

"నీళ్ళు చూస్తయి. మీకు నమ్మకం లేదా సారూ? ఎక్కుండ్రి."

బావగారు భారీ మనిషి. తెల్లపంచె ఎగ్గట్టుకుని ఎక్కారు. మేస్త్రీ ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని, "ఎగురుండ్రి," అన్నాడు. బావగారు ఎగిరారు. "ఇంకోపారి." ఎగిరారు. "ముందు మూలకు రాండ్రి. ఆఁ, ఆడనే. గట్టిగ." కొబ్బరికాయల కోసం ఆగిన బండ్లవాళ్ళు దిగివచ్చి చుట్టూ నిలబడ్డారు. మేస్త్రీ భార్య కొట్టు వదిలేసి వచ్చింది. పెద్దమనిషి, పదిమందికి తీర్పులు చెప్పే మనిషి, రోడ్డు పక్కన పాత ట్రక్కు మీద ఎగురుతుంటే ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. కింది నుంచి మాత్రం, తాపీగా, "ఇంకోపారి" అని వినబడుతూనే ఉంది. ఎట్టకేలకు మేస్త్రీ బయటికొచ్చి వీపు దులుపుకున్నాడు.

"బండికేం కాలె. మీరే జర బీపీ చూపించుకోండ్రి."

ఆ తర్వాత ట్రక్కు గట్టిది కాదని అనడానికి బావగారికి వీల్లేకపోయింది. స్వయంగా పరీక్ష చేశానని ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు. పొలం నా దగ్గరే ఉంది. మిరప పెడుతున్నాను.

ఏటా వానలకు ముందు బండి షెడ్డుకు తీసుకెళ్ళేదాన్ని. ఆయన ముందుగా మూల చూసి, "కాయ కొట్టలేదు గద?" అని అడిగేవాడు. కొట్టలేదనేదాన్ని. "కొట్టలేదంటున్నది విన్నవా?" అని భార్యకు వినబడేట్టు అనేవాడు. "అందుకే పోయినేడు మిర్చికి తెగులొచ్చింది," అని ఆమె కొట్టులోంచి బదులిచ్చేది. నిజంగానే వచ్చింది. ఇద్దరికీ తలో పాయింటు దక్కేది.

పోయినేటి ముందటి వేసవిలో ఆయనకు కాళ్ళు వాచాయి. తనకు తానే ఏదో పసరు వేసుకుని ఊరుకున్నాడు. చివరికి కిడ్నీలన్నారు. భద్రాచలంలో దవాఖానాలో ఉన్నాడంటే చూడడానికి వెళ్ళాను. మంచం కింద కొబ్బరిబోండాలు గుట్టగా ఉన్నాయి. రోగిని చూడడానికి వట్టిచేతులతో పోకూడదని వచ్చినవాళ్ళందరూ అవే తెచ్చారు. నేనూ తెచ్చాను. ఆయన వాటిని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. అప్పుడే లోపలికి వస్తున్న డాక్టరమ్మను ఆపాడు.

"డాక్టరమ్మా, పొద్దున చెప్పిన మాట మళ్ళొకసారి చెప్పవా? మా ఇంటామెకు చెవుడు."

"నాకేం చెవుడు?" అంది భార్య.

"చెప్పాను కదా పెద్దాయనా! కొబ్బరినీళ్ళు ముట్టుకోవద్దు. మీ కిడ్నీలకి అవి పడవు, ప్రమాదం," అంది ఆ పిల్ల, విసుక్కుంటూనే.

ఆయన దిండుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. అంత తృప్తి ఆయన మొహంలో నేను మునుపెన్నడూ చూడలేదు. వేలి కణుపుతో మంచం కమ్మీని తట్టాడు. "డాక్టరమ్మే చెప్పింది," అన్నాడు. కాసేపాగి, "చెల్లె, ఈ ఏడు నీ బండి నేను చూసేటట్టు లేను. సూది షెడ్డుల మేకుకున్నది. నువ్వే పెట్టుకో. పల్చగ కలుపు. కింద మూయకు," అన్నాడు.

ఆమె నన్ను బయటిదాకా సాగనంపుతూ వరండాలో ఆగింది. "గెలిస్తే గెలిచిండు గని, గెలిచినోడు ఇంటికి రావాలె గద," అంది. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి.

ఆయన ఇంటికి వచ్చింది అంబులెన్సులో. షెడ్డు ముందే పడుకోబెట్టారు. ఆయన సూది వేసిన ట్రక్కులు రోడ్డు పొడుగునా వచ్చి నిలబడ్డాయి. గోదావరి ఒడ్డుకు తీసుకెళ్ళడానికి మా బండంటే మా బండి అని యజమానులు పోటీపడ్డారు. ఆమె నా వైపు చూసి, "చెల్లె బండి పెట్టుమనుండ్రి. ఆయన ఎక్కువ తిప్పలువడ్డది దానితోనే," అంది.

పొద్దుటి నుంచి ఆమె ఏడవలేదు. చుట్టాలు అప్పటికే దాని గురించి గుసగుసలాడుకుంటున్నారు. ఆయన్ను ట్రక్కులోకి ఎక్కించాక, బండి కదిలే ముందు కాయ కొట్టాలన్నారు ఎవరో. మా డ్రైవరు ఆమె కొట్టులోంచే ఒకటి తెచ్చి, అలవాటుగా కింద రాయి కోసం వెతుక్కుంటున్నాడు.

"ఏం దేవులాడుతున్నవ్? మూలకు కొట్టు," అంది ఆమె.

డ్రైవరు తటపటాయించాడు. "మేస్త్రీ ఒప్పుకోడక్కా."

"ఒప్పుకోకపోతే లేచి చెప్పుమను."

అతను కదల్లేదు. ఆమె వచ్చి అతని చేతిలోంచి కాయ లాక్కుని, ముందు మూల దగ్గరికి వెళ్ళింది. మా ఆయన కాయలకు పడ్డ ఆ గుంట మీదే ఒక్క దెబ్బ కొట్టింది. కాయ రెండు చెక్కలైంది.

మేమందరం ట్రక్కులోకి చూశాం. ఎవరూ ఎవరినీ చూడమనలేదు. చుట్టాలు చూశారు, బండ్లవాళ్ళు చూశారు, మా బావగారు చూశారు. నిజంగా లేస్తాడనే కాసేపు అనిపించింది నాకు.

ఆయన లేవలేదు.

అప్పుడు ఆమె రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. వెళ్ళి ఆమెను పట్టుకోవలసిన నేను ట్రక్కు కిందికి వంగాను. నీళ్ళు గుంట నిండి, రేకు మీదుగా జారి, అతుకులోకి పోయాయి. నా పక్కన డ్రైవరు కూడా గొంతుక్కూర్చున్నాడు. వెనక ఎవరో బీడీ ముట్టించిన వాసన వచ్చింది. కాసేపటికి కింది అంచున ఒక చుక్క కనబడింది, ఆ వెనకే ఇంకోటి రాలింది.

నీళ్ళన్నీ వచ్చేదాకా బండి తియ్యమని ఎవరూ అనలేదు.